నేను ఎక్కితే ఒక బోటు, దిగితే ఒక బోటు

మా చుట్టుపక్కల నా గురించి ఎవరిని అడిగినా రెండు మాటలు చెబుతారు. మనిషి లావు, కోపం ఎక్కువ. రెండూ నిజమే. మూడో మాట ఎవరూ చెప్పరు కాబట్టి నేనే చెప్పుకుంటాను. వాటర్ స్కీయింగుకూ వేక్‌బోర్డింగుకూ రెండింటికీ సరిపోయే ఒకే ఒక్క బోటును ఎంచింది నేను. చండ్రుగొండ దాటి అడవిలోకి తిరిగే రోడ్డు చివర, ప్రాజెక్టు నీళ్ల ఒడ్డున మాకు చిన్న బోటింగు ఉంది. ఆదివారం పూట వచ్చినవాళ్లు ఆ బోటును చూసి "ఎవరు సెలెక్ట్ చేసిన్రు?" అని అడుగుతుంటారు. మా ఆయన నోరు తెరిచేలోపే నేను జవాబు చెప్పేస్తాను.

నేను పడవ నడిపేవాళ్ల ఇంటి పిల్లను. బూర్గంపాడు అవతల గోదావరి రేవులో మా నాన్న పడవ వేసేవాడు. ధాన్యం బస్తాలు, మేకలు, పెళ్లివాళ్లు, బడిపంతుళ్లు, అందరూ ఆయన పడవలోనే దాటాలి. ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఆయనే చెప్పేవాడు. ఎంత పెద్దమనిషైనా సరే, ఆయన చూపించిన చోట కూర్చోవలసిందే. నన్ను చిన్నప్పటి నుంచీ వెనక అంచున కూర్చోబెట్టేవాడు. "నువ్వు గీడ కూసోవే బిడ్డా, పడవ మాట ఇంటది" అనేవాడు. అప్పటికే నేను బొద్దుగా ఉండేదాన్ని. తోటి పిల్లలు కిసుక్కున నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వారు, అంత పెద్ద పడవ నా మాట వింటోందన్న పొగరు నాకు అప్పుడే పట్టుకుంది, ఇప్పటికీ వదల్లేదు.

రేవు దగ్గర వంతెన వచ్చాక నాన్న పడవ ఒడ్డుకెక్కింది. అమ్మ పోయాక ఆయన్ను మా దగ్గరికి తెచ్చుకున్నాను. ఇక్కడ మేమూ, మా మరిది కుటుంబమూ ఒకే ఇంట్లో ఉంటాం. మా ఆయన బోటు నడుపుతాడు, మరిది ఇంజను సంగతి చూస్తాడు, నేనూ తోటికోడలూ టికెట్లూ టీలూ చూస్తాం. నాన్న మెట్ల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని, వచ్చినవాళ్లకు లైఫ్ జాకెట్లు బిగిస్తాడు. బిగించడం కంటే తిట్టడం ఎక్కువ. ఆ కోపం నాకు ఎక్కడి నుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

మాకు ఒక కూతురు, మరిదికి ఒక కూతురు. ఇద్దరూ ఒకే గురుకులంలో చదివారు. ఆ బడివాళ్లు ఒక వేసవిలో ఇద్దరినీ నీటి ఆటల క్యాంపుకు పంపించారు. నా కూతురు స్కీయింగ్ పిచ్చితో తిరిగొచ్చింది. మరిది కూతురు వేక్‌బోర్డు పిచ్చితో తిరిగొచ్చింది. పిచ్చి పిచ్చే కదా, రెండూ ఒకటే అనుకున్నాను మొదట్లో. కాదు, రెండూ ఉప్పూ నిప్పూ.

బోటు నీళ్లను కోసుకుంటూ పోతుంటే వెనక రెండు పక్కలా అల లేస్తుంది. స్కీయింగ్ చేసేవాళ్లు సన్నటి పలకల మీద నిలబడి, తాడు పట్టుకుని, మంచి వేగంలో ఆ అలను ఇటు నుంచి అటు దాటుతూ ఉంటారు. వాళ్లకు అల ఎంత తక్కువుంటే అంత మేలు. వేక్‌బోర్డు వాళ్లది వెడల్పాటి పలక, వేగం తక్కువ. వాళ్లు ఆ అల మీదికెక్కి గాల్లోకి ఎగరాలి. అల లేకపోతే వాళ్లకు ఆటే లేదు. అంటే మా ఇంట్లో ఒక పిల్లకు అల వద్దు, ఇంకో పిల్లకు అలే కావాలి.

మా పాత బోటుకు ఇద్దరి గోడూ పట్టలేదు. అది జనాన్ని నెమ్మదిగా తిప్పి తెచ్చే బోటు. నా కూతురు తాడు పట్టుకుని పైకి లేచేలోపు సగం ప్రాజెక్టు తాగేది. అయినా రోజూ సాయంత్రం జనం వెళ్లిపోయాక ఇద్దరూ తాడు తీసుకుని దిగేవాళ్లు. నడిపేవాడు వెనక్కి చూడలేడు కదా, అందుకని ఒకరు వెనక్కి తిరిగి కూర్చుని పిల్లను కనిపెట్టుకుని ఉండాలి. పిల్ల బొటనవేలు పైకెత్తితే వేగం పెంచమని, తల మీద చెయ్యి పెట్టుకుంటే ఒడ్డుకు పోదామని. ఆ సీటు నాది. పడవ వెనక అంచు నాకు పుట్టింటి నుంచి వచ్చిన ఆస్తి. నా కూతురు నీళ్లలోంచి లేచినప్పుడల్లా మొదట కనిపించేది నా మొహం. నాకు కనిపించేది దాని మొహం, పళ్లు బిగపట్టి, కళ్లలోకి నీళ్లు కొడుతున్నా రెప్ప వేయకుండా.

పాత బోటు ఇంజను ఇక లాభం లేదని మరిది తేల్చేశాక కొత్తది కొనక తప్పలేదు. కొత్తదంటే ఎక్కడో ఒకరు వాడి అమ్మేదే. అదీ ఒక్కటే. రెండు కొనే తాహతు మాకు లేదు, అందులో దాచేదేమీ లేదు. ఆ ఏడు వర్షాలు తగ్గాక రాష్ట్ర క్యాంపుకు పిల్లలను ఎంపిక చేస్తారని పాత క్యాంపు కోచ్ గారు కబురు పంపారు. స్కీయింగుకు తగ్గ బోటు కొంటే మరిది కూతురు ఒడ్డున కూర్చోవాలి. అలలు లేపే బోటు కొంటే నా కూతురు ఒడ్డున కూర్చోవాలి.

ఆ నెల మా ఇంట్లో గిన్నెలు మాట్లాడాయి తప్ప మనుషులు మాట్లాడలేదు. తోటికోడలు మంచి మనిషి, నాతో ఎన్నడూ గట్టిగా ఒక మాట అనలేదు. అప్పుడూ అనలేదు. టీ గ్లాసు నా ముందు పెట్టేటప్పుడు మాత్రం కొంచెం చప్పుడు చేసేది. ఆమె స్థానంలో నేనుంటే గ్లాసు పగలగొట్టేదాన్ని. మా ఆయన "సూద్దాం, సూద్దాం" అంటూ తప్పించుకు తిరిగాడు. ఒకరోజు అన్నం దగ్గర అందరూ ఉండగా చెప్పేశాను.

"ఇంట్ల ఒక పిల్ల నీళ్లల్ల, ఒక పిల్ల ఒడ్డు మీదనా? గట్ల కానియ్య. ఇద్దరికి పనికొచ్చే బోటు దొరికితే కొందాం, లేకుంటే కొననే కొనొద్దు."

"గసొంటి బోటు ఉంటదా ఏంది?" అన్నాడు మా ఆయన.

"ఉందో లేదో నేను సూస్త" అన్నాను. ఆ మాట అన్నాక వెనక్కి తగ్గే అలవాటు నాకు లేదు.

మొదటి బోటును చూడటానికి సత్తుపల్లి మీదుగా విజయవాడ దాకా పోయాం. కృష్ణ ఒడ్డున ఉంది. సన్నగా, తేలికగా, నడుమ ఇంజనుతో ముచ్చటగా ఉంది. నేను అలవాటుగా వెనక సీటు వైపు నడిచాను. ఓనరు నన్ను ఎగాదిగా చూశాడు.

"మీరు ఒడ్డునే ఉండండమ్మా. స్కీకి బోటు తేలిగ్గా ఉండాలి. మీరెక్కితే బరువైపోద్ది" అన్నాడు.

నా ఒళ్లు మండిపోయింది. నాలుగు దులిపేద్దామనుకున్నాను కానీ మా ఆయన కళ్లతోనే దండం పెట్టాడు. సరే అని ఒడ్డున నిలబడ్డాను. వెనక సీట్లో మా ఆయన కూర్చున్నాడు. నా కూతురు ఆ బోటు వెనక, అద్దం మీద జారినట్టు పోయింది. నిజం చెప్పాలి, అంత బాగా అది స్కీ చేయడం నేను ఎన్నడూ చూడలేదు. తర్వాత మరిది కూతురు దిగింది. వెనక అలే లేదు. పాపం ఎగరబోయింది, ఎక్కడానికి ఏమీ లేక చతికిలబడింది. ఒడ్డుకొచ్చి "బోటు మంచిగుంది పెద్దమ్మా" అని పెడమొహం పెట్టుకుని తల తుడుచుకుంది. తల తుడుచుకోవడానికి అంతసేపు పట్టదు.

రెండో బోటును అమ్మకందారే ట్రైలర్ మీద మా దగ్గరికి తెచ్చాడు. హైదరాబాదు కుర్రవాడు, నన్ను అక్కా అక్కా అంటూ మర్యాదగా మాట్లాడాడు. ఈ బోటు కొంచెం వెడల్పు. తాడును ఎత్తున కట్టడానికి పైన ఇనుప చట్రం, కింద కట్టడానికి నడుమ ఒక గుంజ, రెండూ ఉన్నాయి. "రెండు ఆటలకూ నడుస్తుంది అక్కా" అన్నాడు. అమ్మేవాడు ఇంకేమంటాడులే అనుకున్నాను.

ఇక్కడే మా తెలివి బయటపడింది. మా రేవు కుటుంబాల్లో ఒక పద్ధతి ఉంది. కొత్త పడవ మొదటిసారి ఖాళీగా నీళ్ల మీద కదలకూడదు. రేపటి నుంచి ఎవరు ఎక్కుతారో వాళ్లంతా ఆ రోజు ఎక్కాలి, పడవ నిండుగా పోయి నిండుగా రావాలి. నాన్న తెల్లవారగానే పక్కనున్న గూడెంలో కబురు చేశాడు. ట్రైలర్ నీళ్లలోకి దిగేసరికి మెట్ల మీద జాతరలా ఉంది. గూడెం ఆడవాళ్లు మంచి చీరలు కట్టుకొచ్చారు. చెప్పులన్నీ కింది మెట్టు మీద విడిచి, కొబ్బరికాయ కొట్టి, వరసగా నిలబడ్డారు. బోటు మీద ఎంతమంది అని రాసి ఉందో అంతమందికి నాన్న జాకెట్లు బిగించి, ఎవరు ఎక్కడ కూర్చోవాలో వేలు పెట్టి చూపించాడు. ఎన్నేళ్లకో ఆయన గొంతు రేవులో మోగినట్టు మోగింది. నేను అడక్కుండానే వెనక మూల చూపించాడు.

"అంకుల్, ట్రయల్‌కు ఇంతమంది ఎందుకు..." అని కుర్రవాడు ఏదో చెప్పబోయాడు.

"ఖాళీ పడవ నీళ్ల మీద కదుల్తదా? ఏంది నువ్వు, గింత తెల్వదా?" అని నాన్న ఒంటికాలి మీద లేచాడు. కుర్రవాడు పక్కకు జరిగి దారిచ్చాడు. అతని మాట పూర్తిగా వినుంటే మాకు ఆ పూట అంత ఏడుపు తప్పేది. కానీ మా ఇంట్లో ఎదుటివాడి మాట పూర్తిగా విన్నవాడు ఎవడు?

మొదట మరిది కూతురు దిగింది. మా ఆయన బోటును నిదానంగా నడిపాడు. వెనక అల గట్టు కట్టినట్టు లేచింది. పిల్ల దాని మీదికెక్కి ఎగిరింది చూడండి, గూడెం ఆడవాళ్లు కెవ్వుమన్నారు. దిగీ దిగగానే అటువైపు అల మీది నుంచి మళ్లీ ఎగిరింది. తోటికోడలు నా మోచెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆ నెలలో ఆమె నన్ను ముట్టుకోవడం అదే మొదలు.

తర్వాత నా కూతురు. మా ఆయన వేగం పెంచాడు. పిల్ల లేచింది, పక్కకు తీసుకుంది, అల దాటబోయింది. అల దాన్ని ఎత్తి పక్కకు విసిరేసింది. లేచి మళ్లీ పట్టుకుంది. మళ్లీ విసిరింది. నేను ఎదురుగా కూర్చుని చూస్తున్నాను. దాని మొహంలో పట్టుదల పోయి, అర్థం కానట్టు ఒక చూపు వచ్చింది. చివరికి తల మీద చెయ్యి పెట్టుకుంది. ఆ సైగ చూసి మా ఆయనకు చెయ్యి ఊపాను.

ఒడ్డుకు వచ్చాక అదే ముందు మాట్లాడింది. "గీ బోటే తీసుకుందామమ్మా. చెల్లెకు మంచిగుంది."

"వద్దు పెద్దమ్మా" అంది మరిది కూతురు, "అక్కకు సెలక్షన్సున్నయ్. విజయవాడదే తీసుకోండ్రి."

నాకు ఏడుపొచ్చింది. ఒకరికొకరు వదిలేసుకుంటున్న ఆ ఇద్దరిని చూసి, ఇద్దరికీ ఇవ్వలేని నా చేతకానితనం మీద ఒళ్లు మండింది. జనం ఒక్కొక్కరే దిగారు. ఆఖరున నేను దిగాను. నేను కాలు తీయగానే బోటు ఒక్కసారి పైకి లేచింది.

"పడవకు పానం లేసొచ్చింది" అన్నాడు నాన్న. అందరూ ఘొల్లున నవ్వారు. గూడెం ఆడవాళ్లు వాళ్ల భాషలో ఇంకేదో అనుకుని మరింత నవ్వారు. నేను ఎవరినీ చూడకుండా కింది మెట్టు దగ్గరికి పోయాను. అక్కడ చెప్పులన్నీ చెల్లాచెదురయ్యాయి. కొన్ని తేలుతున్నాయి. మేము ఒడ్డు పక్క నుంచి పోయిన ప్రతిసారీ అల వచ్చి ఆ మెట్టును కడిగేసిందని, ఎక్కకుండా మిగిలిన ముసలమ్మ ఒకామె చెప్పింది. వంగి చెప్పులు ఏరి అదే మెట్టు మీద పెడుతున్నాను. అప్పుడే మా ఆయన ఖాళీ బోటును తిప్పుకుని, ట్రైలర్ వైపు, అదే దారిన, అదే వేగంతో మా ముందు నుంచి పోయాడు. అల వస్తుందని చీర పైకి పట్టుకున్నాను.

అల వచ్చింది. మెట్టు అంచును తాకి ఊరుకుంది. చెప్పులు కదల్లేదు.

అక్కడే నిలబడిపోయాను. విజయవాడ ఓనరు మాట గుర్తొచ్చింది, మీరెక్కితే బరువైపోద్ది. ఆ రోజు ఆ మాట నా ఒంటికి తగిలింది గానీ బుర్రకు తగల్లేదు. ఆ బోటును ఖాళీగా చూశాం, ఈ బోటును గూడెమంతా ఎక్కి చూశాం. చూసి, ఇది మంచిది అది చెడ్డది అని తీర్పులు చెప్పుకుంటున్నాం. నాన్న చిన్నప్పుడు చెప్పిందీ ఇదే కదా, ఎవరు ఎక్కడ కూర్చుంటే పడవ అలా మాట వింటుందని.

"ఏయ్, ఆపు! ఆపవయ్యా!" అని అరిచాను. అడవిలో పక్షులు లేచిపోయేంత గట్టిగా అరిచానని ఇప్పటికీ మా ఆయన చెప్పి నవ్విస్తాడు. "పిల్లకు తాడు మళ్ల ఇయ్యి! బోట్ల ఎవ్వరు ఎక్కొద్దు. చెల్లె ఒక్కతే ఎనక కూసోని అక్కను సూడాలె."

"నువ్వు రావా?" అంది నా కూతురు.

"నేను రాను. నేనే రావొద్దు" అన్నాను.

అది లేచింది. పక్కకు తీసుకుంది. అల దగ్గరికి వచ్చేసరికి నేను కళ్లు మూసుకోబోయి మానేశాను. దాటేసింది. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు, కొడవలి తిప్పినట్టు కోసుకుంటూ పోయింది. విజయవాడ బోటంత నున్నగా లేదు, ఉందని అబద్ధం చెప్పను. కానీ పిల్ల పడలేదు, నవ్వుతూ వచ్చింది.

"నేను చెప్పబోయింది ఇదే అక్కా" అన్నాడు కుర్రవాడు, "బరువు ఉంటే అల పెరుగుతుంది, లేకుంటే తగ్గుతుంది. కొన్ని బోట్లలో అందుకే అడుగున నీళ్ల సంచులు పెడతారు. దీనివి చినిగిపోయినయ్, మీరు వేరేవి తెప్పించుకోవాలె."

"మాకు సంచులెందుకు తమ్మీ" అన్నాను, "మనుషులున్నరు."

ఆ సాయంత్రం తోటికోడలు నా ముందు టీ గ్లాసు చప్పుడు లేకుండా పెట్టింది. అందులో చక్కెర రెట్టింపు ఉంది.

అప్పటి నుంచి మా దగ్గర ఇదే నడుస్తోంది. మరిది కూతురి వంతు వస్తే నాన్న మెట్ల మీది నుంచి కేకేస్తాడు. కలుపు తీసి వస్తున్న ఆడవాళ్లు, సైకిళ్లు ఆపిన మగవాళ్లు, ఎవరుంటే వాళ్లు జాకెట్లు వేసుకుని షికారుకు ఎక్కుతారు. బరువైనవాళ్లు వెనక్కి, బక్కవాళ్లు ముందుకు. పిల్ల ఏ పక్క అల మీది నుంచి ఎగురుతుందో చూసి నాన్న ఆ పక్కకు ఒకరిద్దరిని జరుపుతాడు. నేను లేకపోతే ఆయన బోటు కదలనివ్వడు. "పెద్దమ్మ రాలే, ఆగుండ్రి" అని మరిది కూతురు కూడా తాడు పట్టుకుని నీళ్లలోనే ఎదురుచూస్తుంది. పుట్టి ఇన్నేళ్లకు నా బరువు కోసం ఒకరు ఎదురుచూస్తున్నారు. బస్సులో సీటు దగ్గర, ఆటో ఎక్కేటప్పుడు, పెళ్లి బంతిలో నన్ను చూసి మొహం ముడుచుకున్న ప్రతివాళ్లనూ పిలిచి చూపించాలనిపిస్తుంది.

కానీ నా కూతురి వంతు వస్తే అందరూ దిగాలి. అందరికంటే ముందు నేను దిగాలి. మొదటి రోజుల్లో ఇది నాకు మింగుడు పడలేదు. పాత బోటులో అది నీళ్లు తాగుతూ పడుతూ లేచిన రోజులన్నీ ఎదురుగా కూర్చుని చూసినదాన్ని నేను. అది బాగా చేసే రోజులు వచ్చేసరికి నేను దిగిపోవాలి.

"కన్నతల్లిని దింపుతున్రు సూడు" అని ఒకసారి అననే అన్నాను.

"నువ్వు దిగితేనే నాకు నీళ్లు సాఫైతయమ్మా" అంది నా కూతురు. దానికేం, మాట అనేసి తాడు తీసుకుని దూకేసింది. ఆ మాట నన్ను ఎక్కడ పట్టుకుందో దానికి తెలియదు.

వర్షాలు తగ్గాక కోచ్ గారు స్వయంగా చూడటానికి వచ్చారు. ఆయన కట్ట మీద, దూరంగా, నీళ్లంతా కనిపించే చోట నిలబడతానన్నారు. మొదట మరిది కూతురు చేసింది. నేను నా మూలలో కూర్చున్నాను, నా వెనక అల గట్టులా లేచింది, పిల్ల దాని మీది నుంచి ఎగిరి గాల్లో ఒక చుట్టు తిరిగి దిగింది. తర్వాత అందరం మెట్ల దగ్గర దిగిపోయాం. నా కూతురు స్కీ చేసింది. అయ్యాక కోచ్ గారు కట్ట దిగి వచ్చి చుట్టూ చూశారు.

"ఆ రెండో బోటు ఎక్కడ పెట్టారు?" అన్నారు.

మా ఆయన నోరు తెరిచాడు. నేను ముందే చెప్పేశాను. "రెండో బోటు లేదు సార్. గదే బోటు. నేను ఎక్కితే ఒకటి, దిగితే ఒకటి."

ఆయన నమ్మలేదు, నాన్నే పక్కన కూర్చోబెట్టి అంతా చెప్పాడు. కోచ్ గారు ఇద్దరినీ రాష్ట్ర క్యాంపుకు పంపమన్నారు. తోటికోడలు ఏడ్చింది. నేను ఏడవలేదు, నాకు అప్పటికే అయిపోయింది.

ఎందుకంటే నా కూతురు స్కీ చేస్తున్నంతసేపూ నేను కింది మెట్టు మీద నిలబడి ఉన్నాను. బోటులో కూర్చుంటే నాకు దాని మొహం ఒక్కటే కనిపించేది. ఒడ్డు మీది నుంచి పిల్ల మొత్తం కనిపించింది. నీళ్లకు ఆనుతుందా అన్నంత వాలి, ఒక చేత్తో తాడు పట్టుకుని, దానికంటే ఎత్తున లేచిన నీటి తెర వెనక వేసుకుని, అది నా ముందు నుంచి దూసుకుపోయింది. ఇది నా బిడ్డ అని పక్కనున్న ముసలమ్మకు చెప్పాను. ఆమెకు పుట్టినప్పటి నుంచీ తెలిసిన పిల్లే. అయినా చెప్పాను.

అది ఒడ్డుకొచ్చి, తడి జుట్టు వెనక్కి తోసుకుని, జనంలో నన్ను వెతికింది. బోటులో ఎదురుగా ఉన్నన్నాళ్లూ ఎన్నడూ అడగని మాట అడిగింది.

"సూసినవా అమ్మా?"

"అవ్ బిడ్డా" అన్నాను, "గీసారి మొత్తం సూసిన."